పంకా తిరుగుతున్నట్టే ఉండాలి: పాత విమానాల ఫొటోలకు నికాన్ 200-500 లెన్స్

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, పాస్‌పోర్టు ఫొటోలు... పందొమ్మిదేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. ఈ లెన్స్ మాత్రం బతుకుతెరువు కోసం కొన్నది కాదు. పాత విమానాలు గాల్లో ఉండగా ఫొటో తీయాలన్న కోరికతో కొన్నాను. నికాన్ ఏఎఫ్-ఎస్ 200-500 మి.మీ. ఎఫ్/5.6, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించే జూమ్ లెన్స్. దీని గురించి ఎవరిని అడిగినా పక్షుల సంగతే చెబుతున్నారు. పంకా (ప్రొపెల్లర్) తిరిగే పాత విమానాలకు ఇది పనికొస్తుందా లేదా అని చెప్పిన మనిషి నాకు దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. డకోటా (రెండు ఇంజన్ల పాత రవాణా విమానం), హార్వర్డ్ (ఒకే ఇంజన్ పాత శిక్షణ విమానం) లాంటి పంకా విమానాలకు ఈ ధరలో దీన్ని మించింది నా చేతికి రాలేదు. జెట్ విమానాలైన రఫేల్, సుఖోయ్‌లకు సగం మార్కులే వేస్తాను. పెళ్లి మండపంలో దీనితో పనే లేదు.

నేను కొన్న నాటికి కొత్తది లక్ష దాటేది. నేను 2024 జనవరిలో విశాఖలో ఒక పక్షుల ఫొటోగ్రాఫర్ దగ్గర 62 వేలకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీరూ అలాగే తీసుకుంటే, డబ్బు చేతిలో పెట్టే ముందు రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి చూడండి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. లోపలి గాజు మీద సాలెపురుగు పోగుల్లాంటి తెల్లటి నూలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువకిచ్చినా వదిలేసి వచ్చేయండి. లెన్స్‌ని బియ్యం డబ్బాలో దాచమని చెప్పేవాళ్లున్నారు, ఆ పని చేయకండి, పొడి లోపలికి దూరుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో గుప్పెడు సిలికా జెల్ చాలు. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పీల్చేశాయని గుర్తు. వంటింట్లో వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలానికి వస్తాయి. మా ఇంట్లో రెండు వర్షాకాలాలు గడిచాయి, గాజు ఇప్పటికీ శుభ్రంగానే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

2022 డిసెంబరు 4న విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు జరిగాయి. అప్పటికి నా దగ్గర ఉన్నది 70-300 లెన్స్. చేతక్ హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం తీశాను. షట్టర్ స్పీడ్ 1/2000, అంటే సెకనులో రెండు వేలవ వంతు సేపే షట్టర్ తెరుచుకుంటుంది. ప్రతి బొమ్మా స్పష్టంగా వచ్చింది. డోర్నియర్ ఫొటో ఒకటి పెద్ద ప్రింటు వేయించి స్టూడియో గోడకు తగిలించుకున్నాను.

మా వీధి చివరింట్లో ఒక తాతగారున్నారు. పదిహేనేళ్లు ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ ఫిట్టరుగా పనిచేసి వచ్చారు. అందులో ఎక్కువ కాలం జోర్హాట్‌లో, డకోటాల మీదే. పెన్షన్ కాగితాలకు ఫొటో కావాలని వచ్చిన మనిషి, గోడ మీది బొమ్మ ముందు ఆగిపోయారు. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఇదేటి నాయినా, రెండు ఇంజన్లూ ఆగిపోనాయేటి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"పంకా చూడు. రెక్కలు లెక్కెట్టీయొచ్చు. గాల్లో పంకా ఇలాగ కనబడిందంటే ఇంజన్ చచ్చిపోనట్టే. నాకు చూస్తంటేనే గాబరాగా ఉంది" అన్నారు.

ఆయన నవ్వుతూ అనలేదు. ఒక ఇంజన్ ఆగిపోయి, రెండోదాని మీద ఇంటికొచ్చిన విమానాలకు రిపేరు చేసిన మనిషి. నిజంగానే గాబరా పడ్డారు. ఆ రాత్రే ఆ ఫొటో గోడ మీంచి దించేశాను. పెళ్లికూతురి కన్నీటి బొట్టును కూడా కదలకుండా పట్టుకోవాలని నేర్చుకున్న చేతులివి. కదిలేదాన్ని కదులుతున్నట్టే చూపించాలని ఆ రోజు తెలిసింది.

కాగితం మీద లెక్క వేసుకుంటే విషయం తేటగా అర్థమైంది. డకోటాకు రెండు ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజన్లు. ఒక్కోదానిలో 14 సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరసల్లో గుండ్రంగా అమర్చి ఉంటాయి. ఒక్కో ఇంజన్ బలం 1,200 హార్స్‌పవర్. ఇంజన్‌కీ పంకాకీ మధ్య గేరు ఉంటుంది. ఇంజన్ 16 చుట్లు తిరిగితే పంకా తిరిగేది 9 చుట్లే. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. పంకా 1,125 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు పందొమ్మిది లోపే. షట్టర్ 1/1000 పెడితే అది తెరిచి మూసేలోగా పంకా ఏడు డిగ్రీలు కూడా జరగదు, ఫొటోలో ఆగిపోయినట్టే ఉంటుంది. 1/125 పెడితే 54 డిగ్రీలు జరుగుతుంది. డకోటా పంకాకు మూడు రెక్కలు, రెక్కకూ రెక్కకూ మధ్య 120 డిగ్రీల ఎడం. అందులో దాదాపు సగం మేర రెక్క పరుచుకుంటుంది. తిరుగుతోందని చూడగానే తెలుస్తుంది. 1/60కి వెళ్తే 112 డిగ్రీలు, ఇంచుమించు నిండు చక్రం. హార్వర్డ్‌కి ఒకటే ఇంజన్, మధ్యలో గేరు లేదు, రెండే రెక్కలు. పూర్తి బలంతో వెళ్లేటప్పుడు రెక్కల కొనలు ధ్వని వేగం దరిదాపులకు చేరతాయి, దాని గొంతు అంత కరకుగా ఉండటానికి కారణం అదే. దానికి 1/200 అయినా చాలు.

కాబట్టి పాత విమానాల ఫొటోగ్రఫీలో అసలు ప్రశ్న లెన్స్ ఎంత వేగంగా ఫోకస్ చేస్తుందన్నది కాదు. 1/125 దగ్గర చేతిలో ఎంత నిలకడగా ఉంటుందన్నదే ప్రశ్న. నా కెమెరా నికాన్ డీ7500. దాని సెన్సర్ చిన్నది కాబట్టి 500 మి.మీ. లెన్స్ 750 మి.మీ. లెన్స్‌లా చూస్తుంది. పాత లెక్క ప్రకారం చేత్తో తీయాలంటే షట్టర్ 1/750కి తగ్గకూడదు. మనకు కావలసింది అందులో ఆరో వంతు. పైగా విమానం కదులుతూ ఉంటుంది, దానితోపాటు మనమూ కెమెరాను అదే వేగంతో తిప్పుతూ ఉండాలి.

ఈ లెన్స్ కొన్న డబ్బుకు న్యాయం జరిగింది ఇక్కడే. పక్కన వీఆర్ మీట ఉంటుంది, అంటే చేతి వణుకును లోపలి గాజులు సర్దుకునే ఏర్పాటు. దానికి రెండు పద్ధతులున్నాయి, నార్మల్, స్పోర్ట్. నార్మల్‌లో పెట్టి కెమెరా తిప్పితే, వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక క్షణం బంక పట్టినట్టు ఆగి, తర్వాత ఒక్కసారి ఎగిరి ముందుకు దూకుతుంది. వరసగా ఐదారు ఫొటోలు కొట్టేటప్పుడు ప్రతి రెండు ఫొటోల మధ్యా ఈ గెంతు ఉంటుంది, విమానం ఫ్రేములో నిలవదు. స్పోర్ట్‌లో ఆ గెంతు లేదు. బొమ్మ మన చేతి వెంట నీళ్లలో పడవలా నడుస్తుంది, పైకీ కిందకీ వచ్చే సన్నటి వణుకును మాత్రం మింగేస్తుంది. మొదటి నెలంతా నార్మల్‌లోనే పెట్టి, లెన్స్‌లో లోపముందేమోనని టెన్షన్ పడ్డాను. మీట ఒక గడి జరిపేసరికి సమస్య పోయింది. ఎవరైనా ఈ లెన్స్ కొంటే మొదట ఆ మీట చూసుకోండి.

మన జిల్లాల్లో పాత విమానాలు రోజూ ఎగరవు కాబట్టి సాధన వేరే వాటి మీద చేయాల్సి వచ్చింది. నెల్లిమర్ల రోడ్డుకు నూట యాభై మీటర్ల దూరంలో పొలం గట్టు మీద నిలబడి పల్లెవెలుగు బస్సులు తీసేవాణ్ని. దీనికీ ఒక లెక్కుంది. 150 మీటర్ల దూరంలో గంటకు 50 కి.మీ. వేగంతో పోయే బస్సు కోసం కెమెరాను ఎంత వేగంగా తిప్పాలో, 500 మీటర్ల దూరంలో 200 కి.మీ. వేగంతో పోయే డకోటా కోసం కూడా ఇంచుమించు అంతే వేగంగా తిప్పాలి. బస్సు చక్రాల నట్లు గీతల్లా సాగాలి, పక్కన రాసిన "పల్లెవెలుగు" అక్షరాలు మాత్రం చదవగలగాలి. ఆ రెండూ ఒకే ఫొటోలో కుదిరితే పాసైనట్టు. మొదటి రోజు నలభై ఫొటోల్లో ఒక్కటీ పాసవలేదు. మూడో వారానికి పదికి రెండు వచ్చాయి.

అక్కడ నేర్చుకున్నది ఒకటి చెబుతాను. పాదాలు బస్సు వచ్చే వైపు పెట్టకూడదు, చివరి ఫొటో ఎక్కడ కొట్టబోతున్నామో అటు పెట్టి, నడుము మాత్రం వెనక్కి తిప్పి వస్తువును అందుకోవాలి. అప్పుడు మెలిక విడిపోతున్నట్టు ఒళ్లు హాయిగా తిరుగుతుంది. దీనికి వ్యతిరేకంగా నిలబడితే సరిగ్గా ఫొటో కొట్టాల్సిన చోట నడుము పట్టేస్తుంది. షట్టర్ వదిలాక కూడా చేతులు ఆపకుండా కాస్త దూరం తిప్పాలి.

ఫిబ్రవరిలో రెండు ఆదివారాలు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లాను. చలికాలానికి అక్కడికొచ్చి గూళ్లు కట్టుకునే గూడబాతులు, అంటే పెలికాన్లు, డకోటాకు దగ్గర చుట్టాల్లా అనిపించాయి. అంత బరువైన ఒళ్లు, అంత వెడల్పు రెక్కలు, తొందర లేని మలుపు. చింతచెట్ల మీద నుంచి లేచి ఊరి మీదుగా ఒక చుట్టు తిరిగి వస్తుంటాయి. చూడటానికొచ్చిన ఒక పెద్దావిడ నా లెన్స్ చూసి, "ఏటి బాబూ, బాంబులేసీదా?" అని భయంగా అడిగింది. కెమెరా ఆమె చేతికిచ్చి పిల్లకు మేత పెడుతున్న గూడబాతును చూపించాను. ఐదు నిమిషాలు తిరిగి ఇవ్వలేదు.

నిలబెట్టిన డకోటా చూడాలంటే మనకు దగ్గరలో భువనేశ్వర్ ఉంది. బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ వాళ్ల డకోటాను 2023లో కోల్‌కతా నుంచి తెచ్చి విమానాశ్రయం దగ్గర పెట్టారు. అది చూసి వస్తే విమానం ఆకారం, ముక్కు పైకెత్తి తోక మీద కూర్చునే తీరు కంటికి పడుతుంది. కానీ నాకు కావలసింది గాల్లో ఎగిరేది.

దాని కోసం చెన్నై వెళ్లాను. 2024 అక్టోబరు 6, ఆదివారం, మెరీనా బీచ్‌లో ఎయిర్‌ఫోర్సు వాళ్ల ప్రదర్శన. పదిహేనో తేదీన మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దానికి ముందు స్టూడియోలో ఊపిరాడని పని. అయినా రెండు రోజులు మా తమ్ముడికి అప్పగించి చెన్నై మెయిల్ ఎక్కాను. ఎందుకంటే అక్కడికి డకోటా వస్తోంది. తోక దగ్గర వీపీ 905 అని రాసి ఉండే డకోటా, పరశురామ అని పేరు పెట్టుకున్నది. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు జవాన్లను తీసుకుని శ్రీనగర్‌లో దిగిన మొదటి డకోటా నంబరది. ఆ నంబరునే దీనికి పెట్టారు. పాడుపడి ఉన్న విమానాన్ని అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ బ్రిటన్‌లో బాగుచేయించి ఎయిర్‌ఫోర్సుకు కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి కూడా డకోటా పైలటే. 2018లో అది తన రెక్కల మీదే ఎగురుతూ మన దేశానికి వచ్చింది. ఈ సంగతి మా తాతగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకా ఎగురుతందా నాయినా?" అన్నారు. "ఎగురుతోంది తాతగారూ, తీసుకొచ్చి చూపిస్తాను" అని మాట ఇచ్చేశాను.

మా బావమరిది పెరంబూరులో ఉంటాడు. "బావా, ఆదివారం మెరీనా అంటే జనం ఉంటారు, పొద్దున్నే పోదాం" అని నాలుగింటికే లేపాడు. ఏడున్నరకు ఇసుకలో చోటు దొరికింది. ప్రదర్శన పదకొండింటికి. అప్పటికి లక్షల మంది చేరారు. ఆ ఎండ మామూలు ఎండ కాదు. ఆ రోజు ఐదుగురు ప్రాణాలు కోల్పోయారని రాత్రి ఇంటికొచ్చాక తెలిసి మాకు అన్నం సహించలేదు. ఎయిర్‌షోకి వెళ్లేవాళ్లు లెన్స్ సంగతి తర్వాత చూసుకోండి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తలమీదకు తుండు, కాస్త ఉప్పు-పంచదార ప్యాకెట్లు ముందు సర్దుకోండి. పెద్దవాళ్లను, పసిపిల్లలను తీసుకెళ్లకండి.

మెరీనా తూర్పు ముఖం. విమానాలు సముద్రం మీద ఎగురుతాయి, పదకొండింటికి సూర్యుడు వాటి వెనకా, పైనా ఉంటాడు. పొట్ట భాగం నల్లగా పడిపోతుంది. అందుకని వెలుతురు ఒక స్టాప్ (అంటే రెండింతలు) పెంచి, ప్లస్ 1 దగ్గర పెట్టుకున్నాను. ఆకాశం తెల్లబడినా ఫర్వాలేదు, విమానం మీది అక్షరాలు కనిపించాలి. ఫోకస్ ముందుగా దూరాన లంగరేసిన ఓడ మీద పెట్టి ఉంచాను. లెన్స్ మీద ఇంకో మీట ఉంది, ఫోకస్ ఆరు మీటర్ల కంటే దగ్గరకు రాకుండా ఆపుతుంది, దాన్నీ వేశాను.

డకోటా రాక ముందు చెవికే తెలిసింది. జెట్ మోత వేరు, అది చీల్చుకుంటూ వస్తుంది. ఇది బరువుగా, గుండె కొట్టుకున్నట్టు దడదడమంటూ వచ్చింది. చుట్టూ పిల్లలు "అదిగో అదిగో" అని తమిళంలో కేకలు. నడుము తిప్పి అందుకున్నాను. షట్టర్ 1/125. డకోటా పొడవు ఇరవై మీటర్లకు కాస్త తక్కువ. నా కెమెరా మీద 500 మి.మీ. దగ్గర, అర కిలోమీటరు దూరాన పక్కగా పోతున్న డకోటా ఫ్రేములో ఎనభై శాతం పైన నిండింది. ముందు నుంచి రెక్కలు పరుచుకుని వస్తే 29 మీటర్ల వెడల్పు, అప్పుడు 400కి వెనక్కి రావలసి వచ్చింది. ఐదేసి ఫొటోల చొప్పున గుక్కలు గుక్కలుగా కొట్టాను. మొత్తం 164 ఫొటోలు. చూడదగ్గవి 19. ప్రింటు వేయదగ్గవి మూడు. 1/125 దగ్గర ఇది మంచి లెక్కే అంటాను. ఆ మూడింట్లోనూ వీపీ 905 అక్షరాల అంచులు గీసినట్టున్నాయి, రెండు పంకాలూ పల్చటి తెరల్లా పరుచుకున్నాయి.

హార్వర్డ్ మాత్రం నాకు దక్కలేదు. చిన్న విమానం, రెక్కల వెడల్పు 13 మీటర్ల లోపే. ఫోకస్ గడి (వ్యూఫైండర్‌లో ఫోకస్ పట్టే చోటు) విమానం మీంచి ఒక్క క్షణం జారి ఖాళీ ఆకాశం మీద పడింది. అంతే, లెన్స్ వెతుకులాటకు దిగింది. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేసరికి హార్వర్డ్ తోక చూపించి వెళ్లిపోతోంది. ఇది ఈ లెన్స్‌లో నిజమైన లోపం. పట్టుకున్నంతసేపూ బాగా పట్టుకుంటుంది, వదిలేస్తే మళ్లీ అందుకోవడానికి సమయం తీసుకుంటుంది. ఆ ఆరు మీటర్ల మీట వేయకపోతే ఇంకా ఆలస్యం. రఫేల్ మనవైపు ముక్కు పెట్టి దూసుకొచ్చినప్పుడు కూడా అంతే, వరసగా కొట్టిన ఎనిమిదింట్లో మొదటి రెండే స్పష్టం. ఎయిర్‌ఫోర్సు విన్యాసాల జట్టు సూర్యకిరణ్ తొమ్మిది విమానాలు బారు తీరి పక్కగా పోయినప్పుడు ఇబ్బంది రాలేదు. అందుకే జెట్లకు సగం మార్కులన్నాను.

ఇంకో చిక్కు ఉంది, అది లెన్స్ తప్పు కాదు, కానీ ఈ రకం ఫొటోలు తీసేవాళ్లందరికీ తగిలేది. నడి ఎండలో 1/125 పెడితే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురు పట్టే చురుకు) 100కి దించినా వెలుతురు ఎక్కువైపోతుంది. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11, ఒక్కోసారి ఎఫ్/16 దాకా మూయక తప్పదు. అంత చిన్న రంధ్రంలో సెన్సర్ మీది ప్రతి దుమ్ము కణమూ ఆకాశంలో మచ్చై కూర్చుంటుంది. చెన్నై వెళ్లే ముందు ఒక సర్వీస్ సెంటర్‌లో 1,500 ఇచ్చి సెన్సర్ క్లీన్ చేయించాను. ఏ ఊరో, ఏ షాపో చెప్పను. మెరీనా ఫొటోలన్నింట్లో కుడివైపు పైన మూడు మచ్చలు, వాటి పక్కన తుడిచిన చార ఒకటి. తుడిచినవాడు సరిగ్గా తుడవలేదు, నేను అక్కడే చూసుకోలేదు. 19 ఫొటోల్లో ఒక్కో మచ్చా చెరుపుతూ రెండు రాత్రులు కూర్చున్నాను. సెన్సర్ క్లీనింగ్‌కి ఇస్తే, బిల్లు కట్టే ముందే బయటికొచ్చి, ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూసుకోండి. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేస్తే రంధ్రం మూయాల్సిన పని లేదు కదా అంటారు. నిజమే. కానీ ఈ లెన్స్ మూతి 95 మి.మీ. ఆ సైజులో మంచి ఫిల్టర్ ధర చూసి ఇప్పటికి ఊరుకున్నాను.

బరువు 2.3 కిలోలు, కెమెరాతో కలిపితే మూడు. మా పెళ్లి వీడియో వాళ్లు మోసే సామాను ముందు ఇది పెద్ద బరువు కాదు గానీ, నాలుగు గంటలు ఎండలో అంటే భుజం తెలుస్తుంది. కింద స్టాండుకు బిగించే కాలరు ఊడదీస్తే పావు కిలో దాకా తగ్గుతుంది. ఎయిర్‌షోలో స్టాండు వాడలేం కాబట్టి తీసేయడమే మేలు. కెమెరా మెడపట్టీకి వేలాడదీయకండి, ఆ బరువంతా కెమెరా మూతి దగ్గర పడుతుంది. లెన్స్ కింద అరచెయ్యి వేసే మొయ్యాలి. జూమ్ రింగు తిరుగుడు చాలా ఎక్కువ. 200 నుంచి 500కి ఒక్క మణికట్టు మలుపులో వెళ్లదు, చెయ్యి మార్చి మళ్లీ తిప్పాలి. డకోటా దగ్గరికొస్తుంటే వెనక్కి తిప్పడానికి చెయ్యి మార్చిన ఆ క్షణంలో నాకు కనీసం పది ఫొటోలు పోయాయి. ఇప్పుడు విమానం వచ్చే ముందే ఏ దూరానికి ఎంత జూమ్ అని తేల్చుకుని, తీస్తున్నంతసేపూ రింగు ముట్టుకోవడం మానేశాను. 200 దగ్గర తాళం ఉంది, సంచిలో పెట్టేటప్పుడు వేయండి, లేకపోతే ముందు గొట్టం బరువుకు జారి బయటికొస్తుంది.

సిరిమానుకు ఇది పనికొస్తుందా అని మా ఊరి ఫొటోగ్రాఫర్లు అడిగారు. ఆ ఏడాది డాబా మీద నుంచి ప్రయత్నించాను. మాను కొసన కూర్చున్న పూజారి గారి ముఖం దగ్గరగా కావాలంటే చక్కగా వస్తుంది. జనం, మాను, కోట కలిసి రావాలంటే 200 కూడా మరీ దగ్గరైపోతుంది. రెండో కెమెరా మీద చిన్న లెన్స్ ఉండాల్సిందే.

దీనికి బదులు సిగ్మా 150-600 కాంటెంపరరీ ఆలోచించవచ్చు. రెండు కిలోల లోపే, 600 దాకా పోతుంది, కానీ ఆ కొసన ఎఫ్/6.3, అంటే వెలుతురు కాస్త తక్కువ. నా స్నేహితుడిది ఒక పూట వాడాను, వెడల్పు వైపు 150 ఉండటం బాగుంది, పంకా ఫొటోలకు నా చేతికి మాత్రం నికాన్ నిలకడే నచ్చింది. అద్దం లేని (మిర్రర్‌లెస్) నికాన్ జెడ్ కెమెరాలు ఉన్నవాళ్లయితే 2023లో వచ్చిన 180-600 తీసుకోవడమే మంచిది. జూమ్ చేసినా పొడవు పెరగదు, రింగు కొద్దిగా తిప్పితే చాలు. ధర మాత్రం వేరే మెట్టు మీద ఉంది. ఇంకా ఏమీ కొననివాళ్లు, చేతిలో ఉన్న 70-300తోనే షట్టర్ 1/125కి దించి బస్సుల మీద మొదలుపెట్టండి. 300 దగ్గర కూడా అర కిలోమీటరు దూరాన డకోటా సగం ఫ్రేము నింపుతుంది, అది తక్కువేం కాదు.

చెన్నై నుంచి వచ్చి, సిరిమానోత్సవం హడావుడి అయ్యాక, మూడింట్లో మంచిదాన్ని 12 బై 18 ప్రింటు వేసి తాతగారింటికి పట్టుకెళ్లాను. వరండాలో కుర్చీ వెలుతురులోకి లాక్కుని, ఫొటో ఒళ్లో పెట్టుకున్నారు. పంకా వైపు ఒకసారి చూసి తలూపారు. తర్వాత లోపల్నుంచి భూతద్దం తెప్పించుకుని ఇంజన్ చుట్టూ వెతకడం మొదలుపెట్టారు. నేను గుర్తుపట్టలేనిది ఆయన వేలితో చూపించారు. గుండ్రటి ఇంజన్ మూత వెనక అంచున చుట్టూ చిన్న చిన్న రేకులుంటాయి, ఇంజన్ వేడెక్కితే తెరుస్తారు, చల్లబడితే మూస్తారు.

"మూసే ఉన్నాయి, చూడు. అంటే ఇంజన్ చల్లగా నడుస్తంది. బాగా చూసుకుంటన్నారు" అన్నారు. రేకుకూ రేకుకూ మధ్య సన్నటి గీత ఆ ఫొటోలో నిజంగానే కనిపిస్తోంది. 1/125 దగ్గర, చేత్తో పట్టుకుని, అర కిలోమీటరు దూరం నుంచి తీసినది.

ఫొటోను గోడకానించి పెట్టించుకుని, భూతద్దం మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగారు: "మరి హార్వర్డు ఏదీ? అదీ ఎగిరిందన్నావు కదా."

రాలేదు తాతగారూ అని చెప్పాను. ఫోకస్ గడిని ఎక్కువ ఫోకస్ చుక్కలు కలిసి పట్టేలా వెడల్పుగా మార్చి, ఖాళీ ఆకాశంలో జారకుండా ఉండేందుకు ఇప్పుడు సాయంత్రాలు మా డాబా మీద పావురాల మీద సాధన చేస్తున్నాను.